వంచకపాత్ర – ఆటగాడి నిజాయితీ: 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' నియమగ్రంథాల్లో న్యాయవిచారణ

వ్యాససంగ్రహం

బల్ల చుట్టూ కూర్చొని, పాత్రలు ధరించి, మాటలతోనే కథ నడుపుతూ ఆడే ఊహాలోక క్రీడల్లో ఒక పాత్ర తన తోటి పాత్రలను మోసగించినప్పుడు దానిని న్యాయంగా పరిష్కరించడం ఎలా అన్నది ఆ క్రీడ పుట్టిన నాటినుంచీ ఉన్న సమస్య. 1974 తరువాత వెలువడిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' గ్రంథాల్లోని కొన్ని నిబంధనలను ఈ వ్యాసం విమర్శనాత్మకంగా పరిశీలిస్తుంది. పాత్ర చేసిన తప్పు, ఆటగాడు చేసిన తప్పు వేర్వేరు తలాలకు చెందినవనీ, నియమగ్రంథాలు వాటిని పలుమార్లు కలిపివేశాయనీ వాదిస్తుంది. దశరూపకంలోని శ్రావ్యభేదాలు ఈ చిక్కును విప్పడానికి ఎంతవరకు ఉపకరిస్తాయో చర్చిస్తుంది.

కీలకపదాలు: పాత్రధారణ క్రీడ, వంచన, ఆటనిర్వాహకుడు, జనాంతికం, నియమగ్రంథం, న్యాయం.

1. ఉపోద్ఘాతం

అయిదుగురు సాహసికులు ఒక పాడుబడిన సమాధిమందిరంలో ప్రవేశిస్తారు. అందరికంటే ముందు నడిచే దొంగకు ఒక రాతిగూట్లో విలువైన మణి కనిపిస్తుంది. వెనుక వస్తున్నవారికి చెప్పకుండా దానిని తన సంచిలో వేసుకుంటాడు. దొరికినదంతా సమంగా పంచుకుందామని బయలుదేరేముందు అందరూ అనుకున్న మాటే. ఇది కథ అయితే ఇందులో చిక్కేమీ లేదు. దొంగ దొంగతనం చేశాడు, అంతే. అయితే ఇక్కడ ఆ దొంగ మాటలు పలుకుతున్నవాడు ఒక మనిషి. మోసపోయిన నలుగురి మాటలు పలుకుతున్నవారు అదే బల్ల దగ్గర కూర్చున్న అతని స్నేహితులు. వారు ఆ మణి సంగతి విన్నారా, వినలేదా? విన్నా విననట్లు ఉండాలా? అతనిమీద కోపం తెచ్చుకోవడానికి వారికి హక్కుందా? ఈ ప్రశ్నలకు సమాధానం చెప్పవలసిన బాధ్యత ఆటనిర్వాహకుడిమీద పడుతుంది.

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' 1974లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, లేక్ జెనీవా పట్టణంనుంచి వెలువడింది. ఈ తరహా క్రీడల్లో మొదట అచ్చయినదిగా దీనిని పరిగణిస్తారు. ప్రతి ఆటగాడు ఒక పాత్రను ధరిస్తాడు. 'డంజన్ మాస్టర్' అని పిలిచే వ్యక్తి లోకాన్ని వర్ణిస్తాడు, మిగిలిన పాత్రలన్నిటినీ తానే పలుకుతాడు, సందిగ్ధమైన చర్యల ఫలితాన్ని పాచికల సాయంతో తేలుస్తాడు. ఈ వ్యాసంలో అతనిని ఆటనిర్వాహకుడు అని వ్యవహరించడం జరిగింది. ఇక్కడ గెలుపోటములు లేవు. అందువల్లనే ఇందులోని మోసం చదరంగంలో మోసం వంటిది కాదు. చదరంగంలో కాయను దొంగతనంగా జరపడం ఆటను ఉల్లంఘించడం. ఇక్కడ మణిని దొంగిలించడం ఆటలో ఒక ఎత్తు.

యోహాన్ హైజింగా 1938 నాటి 'హోమో లూడెన్స్'లో మోసగాడికీ, ఆట చెరిపేవాడికీ మధ్య భేదం చూపాడు. మోసగాడు ఆడుతున్నట్లు నటిస్తాడు కాబట్టి ఆట గిరిని అంగీకరించినట్లే. ఆట చెరిపేవాడు ఆ గిరినే కాదంటాడు, కనుక సమాజం మొదటివాడిపట్ల చూపినంత ఉపేక్ష రెండవవాడిపట్ల చూపదు. పాత్రధారణ క్రీడలోని దొంగ ఈ రెండు కోవల్లోనూ ఇమడడు. అతడు నియమాలను అతిక్రమించలేదు, గిరి దాటలేదు. అయినా బల్ల దగ్గర కూర్చున్నవారికి తాము మోసపోయామన్న బాధ నిజంగానే కలుగుతుంది. ఈ బాధ ఏ తలానికి చెందినదన్నదే అసలు ప్రశ్న.

ఈ ప్రశ్నకు ఉపకరించే పరికరాన్ని గ్యారీ అలన్ ఫైన్ 1983లో 'షేర్డ్ ఫాంటసీ' అనే సామాజికశాస్త్ర గ్రంథంలో ఇచ్చాడు. అర్వింగ్ గోఫ్‌మన్ ప్రతిపాదించిన చట్రాల సిద్ధాంతాన్ని ఈ క్రీడకు అన్వయించి, బల్ల దగ్గర ఉన్న ప్రతి ఒక్కరూ ఏకకాలంలో మూడు తలాల్లో ఉంటారని చూపాడు: లౌకికమైన వ్యక్తి, నియమాలకు లోబడిన ఆటగాడు, కథలో బ్రతికే పాత్ర. పాచికల ఫలితాన్ని ఆటగాళ్లు మార్చి చెప్పడం ఆ బృందాల్లో అరుదేమీ కాదని కూడా అతను గమనించాడు. ఆటగాడి అబద్ధం, పాత్ర అబద్ధం పక్కపక్కనే కూర్చున్న చోట ఒకదానిని మరొకటిగా పొరబడటం సులభం.

2. ఒకే గ్రంథంలో పుట్టిన ఇద్దరు

1974 నాటి మూలగ్రంథంలో దొంగ లేడు. యోధుడు, మాంత్రికుడు, పురోహితుడు అనే మూడు వర్గాలే ఉన్నాయి. 1975లో వచ్చిన 'గ్రేహాక్' అనుబంధంలో దొంగ ప్రవేశించాడు. విశేషమేమంటే, ధర్మం తప్పని దీక్షావీరుడైన 'పాలడిన్' కూడా అదే అనుబంధంలో పుట్టాడు. దొంగ ధర్మపక్షానికి చెందరాదని నిబంధన. పాలడిన్ అధర్మకార్యం ఒక్కటి చేసినా ఆ స్థాయిని కోల్పోతాడనీ, అది తిరిగి రాదనీ మరో నిబంధన. ఒక బృందంలో కలిసి నడవవలసిన ఇద్దరిని, ఒకడు తన స్వభావాన్ని చూపిన క్షణంలో రెండవవాడు సంకటంలో పడేటట్లు, ఒకే చిన్న పుస్తకం సృష్టించింది. ఇది రచయితల ఏమరుపాటో, కొంటెతనమో చెప్పడం కష్టం. నాటకీయత కోసం చేసినదైతే మంచి ఎత్తుగడే.

1978 నాటి 'ప్లేయర్స్ హ్యాండ్‌బుక్'లో ఈ వైరుధ్యం ఇంకా బిగిసింది. మంచి–చెడు, క్రమం–అక్రమం అనే రెండు అక్షాలమీద తొమ్మిది శీలకోష్ఠాలు ఏర్పడ్డాయి. పాలడిన్ దుష్టులతో కలిసి తిరగరాదు. దుష్టత్వం లేని తటస్థులతోనైనా ఒక్క యాత్రకు మాత్రమే, అదీ ధర్మప్రయోజనం ఉంటేనే కలిసి వెళ్లవచ్చు. దొంగలు సాధారణంగా తటస్థులో దుష్టులో. ఈ నిబంధనలు పాత్రల నీతిని నిర్ణయించాయి. పాత్రల వెనుక ఉన్న మనుషులు ఒకే సాయంత్రం ఒకే కథ ఎలా ఆడుకోవాలో చెప్పలేదు.

ఈ దొంగతనం కేవలం కల్పితమైన నష్టమేనా? ఆ నాటి నియమాల ప్రకారం కాదు. పాత్ర ఎదుగుదలను కొలిచే అనుభవాంకాలు రాక్షసులను జయించడంవల్ల కొద్దిగానూ, సంపాదించిన సంపదవల్ల ఎక్కువగానూ వచ్చేవి. స్థూలంగా ఒక బంగారు నాణేనికి ఒక అంకం. 500 నాణేల విలువ గల మణిని అయిదుగురు పంచుకుంటే తలా 100 అంకాలు వస్తాయి. దొంగ ఒక్కడే దాచుకుంటే 500 అంకాలూ అతనివే. అప్పటి పట్టిక ప్రకారం దొంగ రెండవ స్థాయికి చేరడానికి 1,251 అంకాలు చాలు. అంటే ఒక్క మణితో దాదాపు అయిదింట రెండు వంతుల దారి నడిచినట్లే. యోధుడికి అదే ఎదుగుదలకు 2,001 అంకాలు కావాలి, అతని వాటా 100 పోయింది. ఇక్కడ పోయినది పాత్ర బంగారం మాత్రమే కాదు, ఆటగాడు గంటల తరబడి కూర్చొని సంపాదించుకోవలసిన ఎదుగుదల. కనుక ఆ కాలపు ఆటగాళ్ల కోపాన్ని కల్పననూ వాస్తవాన్నీ వేరుచేయలేని అమాయకత్వంగా కొట్టిపారేయడం తగదు. నియమమే ఆ రెంటినీ ముడివేసింది. 1989 నాటి రెండవ కూర్పులో సంపదకు అంకాలివ్వడం ఐచ్ఛికమైంది. అయితే అదే కూర్పు, మరొక ఐచ్ఛిక నియమంగా, దొంగవర్గానికి మాత్రం సంపాదించిన ప్రతి నాణేనికి రెండు అంకాలు ఇవ్వవచ్చునన్నది.

3. నీలిపిడుగులు

1979 నాటి 'డంజన్ మాస్టర్స్ గైడ్' ఈ విషయంలో అత్యంత ఆసక్తికరమైన గ్రంథం. దానిలో రెండు చోట్లను పక్కపక్కన పెట్టి చదవాలి.

మొదటిది శిక్షణను గురించిన భాగం. పాత్ర పై స్థాయికి ఎదిగేముందు కొన్ని వారాలు ధనం చెల్లించి శిక్షణ పొందాలి. ఎన్ని వారాలన్నది ఆ పాత్రను ఎంత స్వభావానుగుణంగా ఆడించారన్నదానిపై ఆటనిర్వాహకుడు ఇచ్చే శ్రేణిని బట్టి ఒకటినుంచి నాలుగు వరకు ఉంటుంది. అధమశ్రేణికి గ్రంథకర్త చూపిన ఉదాహరణల్లో వెనుకంజ వేసే యోధుడు ఉన్నాడు, తోటివారికి వైద్యం చేయని పురోహితుడు ఉన్నాడు. అవకాశం దొరికినా మరి కాస్త సొత్తు దక్కించుకోకుండా ఊరుకున్న దొంగ కూడా ఉన్నాడు. అంటే, దొంగిలించని దొంగకు జరిమానా.

రెండవది ఇబ్బందిపెట్టే ఆటగాళ్లను గురించిన భాగం. ఆట చెడగొట్టేవారిని పంపివేయాలన్నది అక్కడి సలహా. పంపివేయడానికి ముందుగా తీసుకోగల కఠినచర్యలుగా కనిపించని లోకంనుంచి వచ్చి పడే ఒక శవరాక్షసి దాడినీ, ఆకాశంనుంచి అపరాధి తలమీద పడే నీలిపిడుగులనూ, పాత్ర ఆకర్షణాంకంలో ఒకటి శాశ్వతంగా తగ్గించడాన్నీ గైగాక్స్ సూచించాడు. హాస్యస్ఫోరకంగా రాసిన భాగమే. అయినా ఎన్నో బల్లల దగ్గర నిర్వాహకులకు ఇది ప్రమాణవాక్యంగా చెల్లే అవకాశం ఉన్న గ్రంథమన్నది మరువరాదు.

ఇక్కడి తర్కదోషం స్పష్టం. వాదులాడినది, అరిచినది ఆటగాడు. పిడుగు పడినది పాత్రమీద. వ్యక్తి తలంలో జరిగిన అపరాధానికి కల్పనాతలంలో శిక్ష. నాటకంలో కంపెనీవారితో తగవుపడిన నటుడు మరునాటి ప్రదర్శనలో ధరించిన వేషాన్ని రెండవ అంకంలోనే చంపివేయడం వంటిది ఇది. ప్రేక్షకులకు కథ చెడుతుంది, నటుడికి బుద్ధి రాదు. ఇక దొంగ విషయంలో ఈ రెండు భాగాలూ కలిసి విచిత్రమైన పరిస్థితిని కల్పిస్తాయి. శిక్షణభాగాన్ని నమ్మిన ఆటగాడు తోటివారి సొత్తుమీద చెయ్యి వేస్తాడు. దానితో బల్ల దగ్గర రగిలిన గొడవను ఆపడానికి నిర్వాహకుడు రెండవ భాగాన్ని తెరుస్తాడు. ఒకే గ్రంథం చెయ్యమన్న పనికి అదే గ్రంథం దండన విధిస్తుంది.

శీలకోష్ఠం మారిన పాత్ర ఒక స్థాయిని కోల్పోతుందన్న అదే గ్రంథంలోని నిబంధన కూడా ఈ కోవలోనిదే. పాత్ర మారిందా, ఆటగాడు అలవాటు తప్పాడా అని విచారించే అవకాశాన్ని అది నిర్వాహకుడికి అప్పగించి, విచారణపద్ధతిని మాత్రం చెప్పలేదు.

4. 'నా పాత్ర అంతే'

నిర్వాహకుడు చేసే పొరపాటుకు దర్పణంలోని ప్రతిబింబంలా ఆటగాడు చేసే పొరపాటు ఒకటుంది. తోటివారి సంచులు తడిమి, రహస్యాలు శత్రువులకు అమ్మి, నిలదీసినప్పుడు 'నా పాత్ర స్వభావం అంతే, నేనేం చేయను' అనడం. పాత్రకు పిడుగు వేసి ఆటగాణ్ణి శిక్షించడం ఎంత తప్పో, పాత్ర వెనుక దాగి ఆటగాడు బాధ్యత తప్పించుకోవడం అంత తప్పు. ఆ స్వభావాన్ని ఎంచుకున్నది ఎవరు? దొంగిలించేవారిలో ఎవరిని దొంగిలించాలో నిర్ణయించుకున్నది ఎవరు? ఊరిలో వడ్డీవ్యాపారులుండగా పక్కనున్న పురోహితుడి జోలెనే ఎందుకు ఎంచుకున్నట్లు? కల్పితపాత్రకు ఇచ్ఛ లేదు. దానికి ఉన్నదంతా ఆటగాడు ఆరోపించిన ఇచ్ఛ.

ఈ వాదానికి సాహిత్యపరమైన అండ కూడా ఒకటి దొరికింది. మార్గరెట్ వైస్, ట్రేసీ హిక్‌మన్ల 'డ్రాగన్‌లాన్స్' నవలలు 1984లో మొదలయ్యాయి. వాటిలోని టాసిల్‌హాఫ్ బర్ఫుట్ 'కెండర్' అనే పొట్టిజాతివాడు. భయమెరుగని కుతూహలం ఆ జాతి లక్షణం. ఇతరుల వస్తువులు అతని సంచుల్లోకి ఎలా వచ్చాయో అతనికే తెలియదు. దొంగ అంటే నిజంగా నొచ్చుకుంటాడు. నవలలో ఇది మనోహరంగా ఉంటుంది. రచయితలు అతని చేతివాటాన్ని కథకు అవసరమైన చోటనే వాడుకున్నారు, అతని కల్మషం లేని మనసును ప్రతి పుటలోనూ నిలబెట్టారు. ఆటలో ఆ రక్షణ లేదు. కెండర్‌ను ధరించిన ఆటగాడికి రచయితల సంయమనం రాదు, లైసెన్సు మాత్రం వస్తుంది. దురుద్దేశం లేని దొంగ అన్న భావన చౌర్యాన్ని నీతివిచారణ పరిధినుంచే తప్పించింది. నవలాపాత్రగా సఫలమైనది ఆటపాత్రగా విఫలం కావడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఉండదేమో.

తెలుగు పాఠకులకు ఈ భేదం నిగమశర్మ ఉపాఖ్యానం ద్వారా తేలికగా బోధపడుతుంది. తెనాలి రామకృష్ణుని పాండురంగమాహాత్మ్యంలో అక్క బుద్ధులు చెప్పగా దారికి వచ్చినట్లు కనిపించిన నిగమశర్మ ఒక రాత్రి ఇంటి నగలన్నీ మూటగట్టుకొని పారిపోతాడు. కవి పేరైనా పెట్టని ఆ అక్క తన ముక్కర పోయినందుకు వగచే తీరు పాఠకుడికి నవ్వూ జాలీ కలిగిస్తుంది. ఆ రసానుభూతి సాధ్యమైనది పాఠకుడు ఆ అక్క కాకపోవడంవల్ల. అతని ముక్కర ఏదీ పోలేదు. పాత్రధారణ క్రీడలో మోసపోయిన పాత్రను ధరించిన మనిషి ఆ అక్కా తానే, ఆ ఉపాఖ్యానం చదివే పాఠకుడూ తానే. పాఠకుడిగా ఆనందించాలంటే ముందు అతనికి కథ తెలియాలి. చౌర్యం జరిగిన సంగతే దాచిపెడితే అతనికి మిగిలేది అక్క దుఃఖం ఒక్కటే, అదీ ఎప్పుడో ఆలస్యంగా.

5. జనాంతికమా, చీటీయా

ఇక్కడ ధనంజయుని దశరూపకం చెప్పిన శ్రావ్యభేదాలు ఉపకరిస్తాయి. రంగస్థలంమీద పలికే మాట అందరూ వినదగినదైతే సర్వశ్రావ్యం. ఎవరూ వినరానిదైతే అశ్రావ్యం, అంటే స్వగతం. కొందరే వినదగినదైతే నియతశ్రావ్యం. జనాంతికం, అపవారితం ఈ మూడవదానిలోని భేదాలు. త్రిపతాకహస్తం అడ్డుపెట్టి ఒక పాత్ర మరొకదానితో మాట్లాడితే పక్కనున్న మూడవ పాత్రకు వినపడలేదని సంప్రదాయం. ఆ మూడవ పాత్రను ధరించిన నటుడికి మాత్రం స్పష్టంగా వినపడుతుంది. ప్రేక్షకులకూ వినపడుతుంది. రహస్యం పాత్రలమధ్యనే, మనుషులమధ్య కాదు.

పాత్రధారణ క్రీడలో దొంగతనాన్ని నడిపే పద్ధతులు రెండు. ఆటగాడు అందరి ఎదుట 'మణిని సంచిలో వేసుకుంటున్నాను' అనడం మొదటిది. ఇది జనాంతికం. నిర్వాహకుడికి చీటీ రాసి అందించడం, లేదా అతనిని పక్కగదికి తీసుకువెళ్లి చెప్పడం రెండవది.  చీటీవల్ల మోసపోయిన పాత్రతోపాటు ఆ పాత్రను ధరించిన మనిషి కూడా అజ్ఞానంలో పడతాడు. అతని ఆటగాడి తలం, ప్రేక్షకుడి తలం రెండూ మూసుకుపోతాయి.

అలాగని చీటీని పూర్తిగా నిషేధించడం సరికాదు. 1984లో వెస్ట్ ఎండ్ గేమ్స్ ప్రచురించిన 'పారనోయా' అనే ఆటలో ప్రతి పాత్రా రహస్యంగా ద్రోహియే. ప్రతి ఒక్కరూ మిగిలినవారిని పట్టివ్వడానికి పొంచి ఉంటారు. చచ్చిన పాత్ర స్థానంలో రావడానికి దాని నకళ్లు వరుసగా సిద్ధంగా ఉంటాయి. అక్కడ చీటీలు ఎగరకపోతే ఆటే లేదు. అక్కడ ఎవరూ నొచ్చుకోకపోవడానికి కారణం రహస్యం తక్కువ కావడం కాదు, రహస్యం ఉంటుందన్న సంగతి సర్వశ్రావ్యం కావడం. ఏమి దాస్తున్నారో తెలియదు, దాస్తున్నారని మాత్రం అందరికీ తెలుసు. న్యాయం ఈ రెండవ ఎరుకలో ఉంది. 2020 నాటి 'టాషాస్ కాల్డ్రన్ ఆఫ్ ఎవ్రీథింగ్' ఆట మొదలుకాకముందే బృందం కలిసి కూర్చొని హద్దులను చర్చించుకోవాలని చెప్పడంలో ఈ మెలకువ కనిపిస్తుంది. 1979 నాటి పిడుగులతో పోలిస్తే ఇది పెద్ద మార్పే. అయితే ఇటువంటి చర్చ గాయాలు, భయాలు వంటి తీవ్రవిషయాలదగ్గర ఆగిపోయి, 'మనలో మనం దొంగిలించుకోవచ్చా' అన్న చిన్న ప్రశ్న అడగడమే మరచిపోయే ప్రమాదం ఉంది.

జనాంతికానికి ఒక బలమైన ఆక్షేపణ ఉంది. విన్నవాడు విననట్లు ఆడగలడా? మణి సంగతి చెవినపడిన మరుక్షణం పురోహితుడి ఆటగాడు 'ఎందుకో దొంగ సంచి వెతకాలనిపించింది' అంటాడు. ఇదీ అక్రమమే. పాత్రకు అందని జ్ఞానాన్ని ఆటగాడు దొంగిలించి పాత్రకు ఇచ్చాడు. దొంగను దుయ్యబట్టేవారు ఈ రెండవ చౌర్యాన్ని ఎంచకపోవడం వింత. నిర్వాహకుడు ఇక్కడ చేయవలసినది నిషేధం కాదు. ఆ అనుమానానికి కథలో ఆధారం ఏమిటని అడగాలి. గూటిలో దుమ్ము చెరిగిన గుర్తు చూశాడా? సంచి బరువెక్కినట్లు కనిపించిందా? ఆధారం చూపగలిగితే వెతకనివ్వాలి. అయినా ఒక భేదాన్ని ఒప్పుకోవాలి. జనాంతికం వినిపించని నటుడికి నాటకాంతంలో నష్టమేమీ లేదు. ఆటగాడికి ఉంది. అతడు విననట్లు నటించడం కేవలం నైపుణ్యం కాదు, ఒక త్యాగం. కనుక అతనికి ప్రతిఫలంగా, నిజం బయటపడే అవకాశం కథలో న్యాయంగా ఉన్నదన్న నమ్మకం కావాలి.

6. పాచికల లెక్క

ఆ నమ్మకాన్ని ఇవ్వగలిగినవి పాచికలు. 1978 నాటి నియమంలో మొదటి స్థాయి దొంగకు జేబు కొట్టడంలో మూల అవకాశం 30 శాతం. నూటికి వేసిన పాచిక 30 దాటితే ప్రయత్నం విఫలం. 21 లేదా అంతకుమించి తప్పితే బాధితుడు గమనిస్తాడు. అంటే నూటికి 30 సార్లు వస్తువు దక్కుతుంది, 20 సార్లు ఏమీ జరగదు, 50 సార్లు పట్టుబడతాడు. తోటివాడి జేబుమీద చెయ్యి వేసే కుర్ర దొంగకు ఇంతకంటే మంచి నీతిబోధ అవసరం లేదు.

2014 నాటి అయిదవ కూర్పులో లెక్క వేరు. మూడవ స్థాయి దొంగకు చురుకుదనం 16 ఉండి, చేతివాటంలో ప్రత్యేక నైపుణ్యం ఉంటే ఇరవైముఖాల పాచికకు 7 కలుస్తుంది. పక్కనున్న పురోహితుడికి వివేకం 16, పరిశీలనలో అభ్యాసం ఉంటే అతని సహజ జాగరూకత పదికి అయిదు కలిపి 15. దొంగకు పాచికమీద 8 లేదా అంతకంటే ఎక్కువ పడితే చాలు. ఇరవైలో పదమూడు ముఖాలు, అంటే 65 శాతం. ఒక్కసారికి ఇది దొంగవైపే మొగ్గింది. కాని అతడు అదే పురోహితుడి కళ్లెదుట అయిదుసార్లు అదే పని చేస్తే ఒక్కసారీ దొరకకుండా ఉండే అవకాశం సుమారు 11.6 శాతానికి పడిపోతుంది. అలవాటైన దొంగ దాదాపు తప్పక పట్టుబడతాడు, నిర్వాహకుడు ఎవరి పక్షమూ వహించనంతవరకు.

ఈ చివరి షరతే కష్టమైనది. దొంగవేషం ముచ్చటగా ఉందని నిర్వాహకుడు పరీక్షలే పెట్టకుండా వదిలివేయవచ్చు. ఆ ఆటగాడంటే చిరాకు పుట్టి, తెర వెనుక పాచిక 18 చూపినా 'దొరికిపోయావు' అనవచ్చు. వంచకుణ్ణి పట్టడానికి పాచికను వంచించే నిర్వాహకుడు పాత్ర తలంలోని అబద్ధానికి ఆటగాడి తలంలోని అబద్ధంతో బదులిస్తున్నాడు. రెంటిలో రెండవదే గురుతరం. దొంగ పాత్ర అబద్ధమాడుతుందని నియమగ్రంథం ముందే చెప్పింది. నిర్వాహకుడు శత్రుత్వంతో పాచిక మారుస్తాడని ఎవరూ చెప్పలేదు. సహజ జాగరూకత అన్న స్థిరాంకంవల్ల మరో ప్రయోజనముంది. 'పరిశీలనకు పాచిక వెయ్యి' అని నిర్వాహకుడు అడిగితే ఆ అడగడంతోనే ఏదో జరిగిందని బయటపడుతుంది. అంకం ముందే కాగితంమీద ఉంటే అడగనక్కరలేదు.

మాటలతో చేసే మోసానికి ఈ లెక్క అంత చక్కగా కుదరదు. అయిదవ కూర్పులో వంచన అనే నైపుణ్యం ఉంది, అంతర్దృష్టి అనే ప్రతినైపుణ్యం ఉంది. దొంగ గెలిచాడనుకుందాం. పురోహితుడి ఆటగాణ్ణి 'నీవు నమ్మావు' అని శాసించవచ్చునా? జేబు పోవడం పాత్రకు జరిగే సంఘటన. నమ్మడం పాత్ర చేసే పని, అంటే ఆటగాడి ఏకైక అధికారం. మూడవ కూర్పు నాటి రాజనీతి నైపుణ్యం నిర్వాహకుడి పాత్రల మనోభావాలనే మార్చగలదని చెప్పి ఆటగాళ్ల పాత్రలను విడిచిపెట్టింది. ఇది వివేకవంతమైన మౌనం. విన్సెంట్ బేకర్ 2010 నాటి 'అపోకలిప్స్ వరల్డ్' ఇంకో దారి తొక్కింది. అక్కడ తోటి ఆటగాడి పాత్రను వశపరచుకోవడానికి వేసిన పాచిక బాగా పడితే, ఒప్పుకున్నందుకు అతనికి అనుభవాంకం, కాదన్నందుకు ఒక ఆపద ఎదురవుతాయి. నిర్ణయం అతనిదే. మోసపోవడాన్ని నష్టంగా కాక బేరంగా మార్చిన ఈ నియమం, పైన చెప్పిన త్యాగానికి ధర కట్టింది.

7. సత్యమండలం

అనుమానం ముదిరినప్పుడు మూడవ స్థాయి పురోహితుడి చేతిలో ఒక మంత్రం ఉంది. 'జోన్ ఆఫ్ ట్రూత్' అనే ఆ మంత్రం 15 అడుగుల వ్యాసార్ధంలో పది నిమిషాలపాటు పనిచేస్తుంది. దానిలో చిక్కి నిగ్రహపరీక్షలో ఓడినవాడు తెలిసి అబద్ధం పలకలేడు. ఓడినదీ నెగ్గినదీ మంత్రం వేసినవాడికి తెలుస్తుంది. అయితే మంత్రం ఉందని బాధితుడికీ తెలుసు, అబద్ధమాడకుండా తప్పించుకొనే మాటలు పలకవచ్చు, మౌనంగానూ ఉండవచ్చు. తొలి కూర్పుల్లో పాలడిన్‌కు దుష్టత్వాన్ని పసిగట్టే శక్తి ఉండేది. 2014 నాటికి ఆ శక్తి దేవతలు, పిశాచాలు, జీవచ్ఛవాలను మాత్రమే గుర్తించేదిగా మారింది. తోటివాడి శీలాన్ని తూచే త్రాసు పోయి, అతని మాటను మాత్రమే తూచే త్రాసు మిగిలింది. నియమరచనలో ఇది ఎదుగుదలే.

ఈ మంత్రం అబద్ధాన్నీ వంచననూ వేరుచేస్తుంది. ద్రోణపర్వంలో ధర్మరాజు అశ్వత్థామ అనే ఏనుగు చావును ద్రోణుడికి చెప్పిన ఘట్టం తెలుగువారికి తిక్కన ద్వారా పరిచితం. ఆ మాట సత్యమండలంలోనూ చెల్లేది. పలికినది అసత్యం కాదు, ఉద్దేశించినది వంచన. రథం భూమిని తాకిందన్న కథ ఉద్దేశాన్ని శిక్షించింది. ఆటలోని మంత్రం ఉద్దేశాన్ని విడిచిపెట్టి పలుకును మాత్రమే పట్టుకుంటుంది. ఏది న్యాయం? కావ్యానికి మొదటిది తగినది. బల్లకు రెండవదే తగినది, ఎందుకంటే ఉద్దేశాన్ని తూచవలసినవాడు ఇక్కడ కవి కాదు, మరో మనిషి. అతడు ఆటగాడి మనసును పాత్రమనసుగా పొరబడడని ఎవరూ హామీ ఇవ్వలేరు.

కనుక దొంగ మండలంలో నిలబడి 'గూట్లో సాలెగూళ్లు ఉన్నాయి' అన్నప్పుడు, నిర్వాహకుడు పురోహితుడి చెవిలో 'వాడు దాస్తున్నాడు' అని ఊదరాదు. సాలెగూళ్లు నిజమే. ప్రశ్న సూటిగా అడగడం పురోహితుడి పని. 'గూట్లోంచి ఏమైనా తీశావా' అని అడిగి, దొంగ మౌనం వహిస్తే, ఆ మౌనాన్ని ఎలా చదువుకోవాలో నలుగురు సహచరులూ నిర్ణయించుకుంటారు. సంచి వెతకవచ్చు, క్షమించవచ్చు, సమాధిమందిరం గుమ్మం దగ్గరే అతనిని వదిలి వెళ్లవచ్చు. ఇవన్నీ పాత్రల నిర్ణయాలు, కథలో ఫలితాలు గలవి. ఈ చివరి నిర్ణయం దగ్గర మాత్రం ఇక్కడ పరిశీలించిన నిబంధనలేవీ తోడు రావు. 1979 నాటి గ్రంథం ఆటగాణ్ణి పంపివేయడం గురించి చెప్పింది, 2020 నాటిది ముందే మాట్లాడుకోవడం గురించి చెప్పింది. సహచరులు విడిచిపోయిన దొంగను ఆడించిన మనిషి అదే సాయంత్రం అదే బల్ల దగ్గర మరో పాత్రపత్రం రాసుకోవలసి ఉంటుంది. ఆ కొత్త పాత్ర ఎన్నో స్థాయిలో మొదలుకావాలో, పాత పాత్ర సంచిలోని మణి ఎవరి లెక్కలోకి రావాలో ఆ నలుగురూ, అతడూ కలిసి తేల్చుకోవలసినదే.